పైపు మీద అరచెయ్యి

పోయిన వారం మిల్లు కప్పు మీద ఆగాం. ఇనప మెట్ల చివర నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. ఫ్యాన్ల హోరుకి చెవులు దిమ్మెక్కిపోయాయి. 

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. మా మిల్లులో రంగు వేసిన బట్టని వెడల్పుగా సాగదీసి వేడిగాలిలో ఆరబెట్టే పెద్ద మిషన్ ఉంది. స్టెంటర్ అంటారు. పగలు దాన్ని నడిపేది మా మావయ్య, రాత్రి మా ఆయన. మావయ్యని మిల్లంతా మాస్టర్ గారూ అంటుంది. ఆ వేడికి దారంలో ఉన్న నూనె పొగై లేస్తుంది. ఆ పొగని ఊరి మీదికి వదలకుండా, కప్పు మీదున్న ఇనప డబ్బాలో నీళ్లజల్లుతో కడుగుతారు. నీళ్లు ఎంత పడుతున్నాయో చెప్పడానికి పక్కనే ఒక గాజు గొట్టం, అందులో ఒక ఎర్ర బంతి. నీళ్లు పెరిగితే బంతి పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. పన్నెండు గీత దగ్గర ఉండాలి. పదికి దిగిందంటే మిషన్ ఆపి నీళ్లు చిమ్మే నాజిల్స్ విప్పి కడగాలి. గంటగంటకీ పైకెక్కి ఆ అంకె పుస్తకంలో రాయడం మిషన్ నడిపేవాళ్ల పని. పగటి పుస్తకం ఒకటి, రాత్రి పుస్తకం ఒకటి.

ఆ హాలు వెనక గోడకి ఆనుకునే పిల్లల గది. అందులో నేను ఆయాని, నా పైన ఒక పెద్దాయా. నా రెండున్నరేళ్ల కూతురు కూడా అక్కడే. ఒక్కచోట నిలవదని దాన్ని అందరూ బొంగరం అంటారు. మూడు వారాలుగా బొంగరానికి దగ్గు. దానితోపాటు ఇంకో నలుగురికి. మిల్లులో గాలి లెక్కలు చూసే ఆవిడ దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నాను. అందరూ పొగ మేడం అంటారు ఆవిడని. “రెండు పుస్తకాలూ నేను చూశానమ్మా, గంటగంటకీ పన్నెండే ఉంది. జలుబేమో చూడు” అంది. నాకు మనసొప్పక, ఎవరికీ చెప్పకుండా కప్పెక్కాను. బంతి ఏడు దగ్గర కూలబడి ఉంది. పక్కన మేకుకి వేలాడుతున్న పగటి పుస్తకంలో, పది నిమిషాల కిందటి గంటకి, పన్నెండు అని రాసి ఉంది. మావయ్య రాత. ఒకప్పుడు ముత్యాల్లా ఉండేది. ఇప్పుడు గీత దాటి కిందికి జారుతోంది.

అదీ సంగతి. ఇక నేను మెట్లు దిగాలి.

ఆ రోజే మూడింటికి గాలి బోర్డు ఆఫీసరు వస్తున్నాడు. పొగగొట్టంలో పరికరం పెట్టి చూస్తాడు, పుస్తకాలూ చూస్తాడు. అంకె తప్పు రాసినవాళ్లెవరైనా సరే, ఇక జన్మలో మిషన్ ముట్టుకోకూడదని నెల్లాళ్ల కిందటే గేటు దగ్గర కాగితం అతికించారు. మిషన్ లేని మావయ్యని నేను ఊహించుకోలేను. మా అత్తయ్య స్టెంటర్‌ని “మా సవతి” అంటుంది. “ఆవిడ కూత వేసిందని పెళ్లిలో నా మెడలో దండ సగం వేసి పరిగెత్తబోయాడు మీ మావయ్య” అని ఇప్పటికీ దెప్పుతుంది. 

నాకు ఈ ఆయా పని ఇప్పించింది ఆయనే. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన పిల్లని నేను. మేనేజరు గదిలో ఏమడుగుతారో అని వణికిపోతుంటే, నా వెనక నిలబడి “మా కోడలు పిల్లల్ని చూస్తే పిల్లల తల్లులు నిశ్చింతగా పని చేస్తారు సార్, అది మీకే లాభం” అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మెట్లు దిగితే కుడివైపు పొగ మేడం గది, ఎడమవైపు స్టెంటర్. నా కాళ్లు ఎడమకే తిరిగాయి.

మావయ్య బట్ట బయటికొచ్చే చివర ఉన్నారు. నల్ల బట్ట వేడివేడిగా జారిపోతోంది. దాని మీద అరచెయ్యి ఆనించి, నిద్రపోతున్న పిల్ల వీపు మీద చెయ్యి వేసినట్టు నిలబడ్డారు. నా అడుగుల చప్పుడుకి తల తిప్పారు.

“ఏంటమ్మాయ్ ఈ వేళప్పుడు? బొంగరం ఏది?”

“నిద్రపోయింది మావయ్యా. పెద్దాయా దగ్గరుంది.”

“అది నిద్రపోయిందంటే మిల్లుకి సెలవిచ్చినట్టే. మరి నీ గొంతేంటి అలా ఉంది, రంగు సరిగ్గా పట్టని తానులాగ?”

“పన్నెండింటికి పైకి వెళ్లారా?”

“వెళ్లకేం! మోకాళ్లు నానా తిట్లూ తిట్టాయి. అయినా వెళ్లాను.”

“ఎంత ఉంది?”

“పన్నెండు. గంటా పన్నెండే, అంకే పన్నెండే. ఆఫీసరొచ్చే రోజు ఎంత బాగా కుదిరిందో చూడు.”

ఆయన నవ్వారు. ఆ నవ్వులో ఎక్కడా దొంగతనం లేదు. అదే నన్ను భయపెట్టింది. తెలిసి రాసినవాళ్ల ముఖం అలా ఉండదు.

“ఒక్కసారి నాతో పైకి రండి మావయ్యా.”

“ఇప్పుడా? మీ అత్తయ్య మీద చాడీలేమైనా చెప్పాలా? అయితే వస్తాను పద.”

జోడీ ఆపరేటరుకి మిషన్ అప్పగించి నా వెనకే వచ్చారు. ఎక్కుతుంటే ఆయన పెదాలు కదులుతున్నాయి. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. మెట్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఇరవై రెండు దగ్గర పాదం తనంతట తనే బల్లపరుపుగా పడింది. ముప్పై ఏళ్లుగా ఎక్కే మెట్లకి లెక్కెందుకు అనిపించింది నాకు. ఆ అనుమానం మింగుడు పడలేదు.

పైన ఆయన సూటిగా నీళ్ల పైపు దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించారు. కళ్లు మూసుకున్నారు. నాడి చూసే వైద్యుడిలా తల ఒక పక్కకి వాల్చారు.

“పన్నెండు. ఇంకా కావాలంటే పన్నెండున్నర అని కూడా రాయొచ్చు. నాకు ఆశ తక్కువ కాబట్టి పన్నెండు.”

“బంతిని చూసి చెప్పండి మావయ్యా.”

“చూస్తూనే ఉన్నానుగా.”

“మీరు చూస్తున్నది పంపు స్విచ్చు.”

ఎర్రగా, గుండ్రంగా, గాజు గొట్టానికి జానెడు దూరంలో ఉంది ఆ స్విచ్చు. మావయ్య చెయ్యి పైపు మీదే ఉండిపోయింది.  తర్వాత వెనక్కి తడుముకుంటూ మెట్టు మీద కూర్చున్నారు.

“ఎప్పటినుంచి?” అన్నాను.

“ఏడాది దాటిందమ్మా. ముందు మంచు పట్టినట్టుండేది. తర్వాత మంచే మిగిలింది.”

“మరి ఏటా కళ్లు చూస్తారుగా డాక్టరు!”

“చూస్తాడు. వరసలో మనకన్నా ముందున్నవాడు గట్టిగా చదువుతాడు. ఎనిమిదేళ్లుగా అదే అక్షరాల అట్ట. నిద్రలో లేపినా పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ చెప్పగలను. పోయినేడాది డాక్టరు నా చూపు మెరుగైందన్నాడు కూడా.”

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు నిండిపోయాయి. సాయంత్రాలు మావయ్య బొంగరాన్ని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తీసుకెళ్లి తీసుకొస్తుంటే, నా కూతురికి ఎంత అదృష్టమో అని గుమ్మంలో నిలబడి మురిసిపోయేదాన్ని. ఎవరు ఎవరిని నడిపించారో ఇప్పుడు అర్థమైంది. ఆ చిన్న ప్రాణం గుంట వచ్చినప్పుడల్లా “తాతా, దూకు” అనేది. ఆటనుకున్నాను.

“అత్తయ్యకి చెప్పలేదా?”

“చెబితే మిషన్ మాన్పిస్తుంది. ముప్పై ఏళ్ల పగ, వదులుతుందా?” అని నవ్వబోయి ఆగిపోయారు. “అమ్మాయ్, బట్ట చూడక్కర్లేదు నాకు. తడి తగ్గిందో మిగిలిందో చేత్తో చెబుతాను. వేడి ముక్కుతో చెబుతాను. ఈ పైపు కూడా అంతే. నీళ్లు తగ్గితే దాని వణుకు మారుతుంది. నేను ఊరికే రాయలేదు. ప్రతి గంటా ఎక్కాను. ప్రతి గంటా చెయ్యి పెట్టాను.”

“బంతి ఏడు దగ్గర ఉంది మావయ్యా.”

“ఏడా?” తల అడ్డంగా ఊపారు. “అయితే బంతి ఇరుక్కుంది. ఆ గొట్టానికి పాకుడు పడుతుంది. గట్టిగా తట్టు.”

తట్టాను. బంతి గజగజ వణికి, మళ్లీ ఏడు దగ్గరే నిలబడింది. అదే చెప్పాను.

“పంపు తిరుగుతోంది, పైపు చల్లగా ఉంది, ఏడెలా అవుతుంది? రెండు నిమిషాలు గొట్టం చూసొచ్చి నాకు స్టెంటర్ నేర్పుతావా నువ్వు?”

ఆ ఇంట్లో అడుగుపెట్టి నాలుగేళ్లు. ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.  నిజంగానే నాకేం తెలుసు? బంతి ఇరుక్కుని ఉండొచ్చు. పిల్లలది జలుబే కావొచ్చు. తొమ్మిదో తరగతి సగంలో మానేసినదాన్ని, పెద్దవాళ్లు గట్టిగా అంటే నాదే తప్పేమో అనిపించడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

అంత హోరులోనూ, కింద పిల్లల గది కిటికీలోంచి ఎవరో దగ్గడం నా చెవిన పడింది. ఎవరో ఏంటి, ఏ పిల్ల దగ్గో కళ్లు మూసుకుని చెప్పగలను నేను. బొంగరం.

“లేవండి మావయ్యా” అన్నాను. చెయ్యి పట్టుకుని లేపాను. “మీ చెయ్యి అబద్ధం చెప్పదుగా. అయితే దాన్నే అడుగుదాం.”

పిల్లల గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. ఎనిమిది పరుపులు, ఎనిమిదిమంది పిల్లలు. పెద్దాయా గుమ్మం దగ్గర బొమ్మల బుట్ట సర్దుతోంది. మావయ్యని చూడగానే చీర చెంగు సర్దుకుని “మాస్టర్ గారొచ్చారు, ఇక నిద్రలేనట్టే” అని గుసగుసలాడింది. మామూలుగా ఆయన రోజుకి మూడుసార్లు కిటికీ బయట నిలబడి, బుగ్గలు ఉబ్బించి గాజు మీదికి ఊదుతారు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఇవాళ ఆయన లోపలికొచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డారు.

ఉతికి మడతపెట్టిన తెల్ల గుడ్డ తీశాను. కిటికీ చట్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కసారి తుడిచి ఆయన చేతిలో పెట్టాను.

మావయ్య బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆ గుడ్డని నలిపారు. ఆగారు. మళ్లీ నలిపారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎప్పుడు తుడిచావు ఇది?”

“రోజూ పొద్దున్నే తుడుస్తాను. ఇవాళ ఎనిమిదింటికి తుడిచాను.”

“ఎనిమిదింటికి…” గొణుక్కున్నారు. “తొమ్మిదిన్నరకి నల్ల పాలిస్టర్ ఎక్కించాను. నూట తొంభై డిగ్రీలు. ఇది ఆ నూనే. నా మిషన్ నూనె. బజార్లో వెయ్యి నూనెల్లో కలిపినా నా వేళ్లు దీన్ని వదలవు.”

ఆ గుడ్డని ఆయన చేతిలోంచి తీసుకుని మడిచాను. 

బొంగరం మళ్లీ దగ్గింది. ఆయన ఆ చప్పుడు పట్టుకుని వెళ్లి దాని పరుపు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. వీపు మీద చెయ్యి వేశారు. పిల్ల ఊపిరి తీస్తోంది, వదులుతోంది. ఆయన చెయ్యి దానితోపాటు లేస్తోంది, దిగుతోంది.

“లోపల బరబరలాడుతోంది” అన్నారు మెల్లగా. “రోజూ ఎత్తుకుంటాను. రోజూ చెయ్యి వేస్తాను. నాకెందుకు తెలియలేదమ్మా?”

“తాత ఎత్తుకుంటే అది నవ్వుతూ ఉంటుంది మావయ్యా. నవ్వుతున్నప్పుడు తెలియదు.”

చేతిని చొక్కాకి తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. పోవట్లేదు కాబోలు, మూడోసారి గట్టిగా రుద్దారు.

కప్పు మీద నుంచి దిగినప్పటినుంచీ కూడబలుక్కున్నా చెప్పలేని మాట అప్పుడు బయటికొచ్చింది. “మీరు చెప్పకపోతే నేను చెప్పాలి మావయ్యా. పొగ మేడం దగ్గరికి వెళ్లి నా నోటితో మీ పేరు చెప్పాలి. నాకు చేతకాదు. కానీ చెబుతాను. రెండింటిదాకా చూస్తాను.”

“రెండింటిదాకా ఎందుకు? అప్పటిదాకా ఇది పీల్చాలిగా” అన్నారు ఆయన. లేచారు. గుమ్మం దగ్గర నా తల మీద చెయ్యి పెట్టి, “ఇందాక కసిరాను, మనసులో పెట్టుకోకు తల్లీ” అని, గోడ పట్టుకుని హాలులోకి నడిచారు.

స్టెంటర్‌ని ఉన్నపళంగా ఆపకూడదు. లోపలున్న బట్ట మాడి మసైపోతుంది. అంత కంగారులోనూ ఆయన పద్ధతి తప్పలేదు. బట్ట తాను చివర కత్తిరింపించారు. దానికి పాత గుడ్డ కుట్టించి, నల్ల బట్టంతా బయటికొచ్చేదాకా చేత్తో తడుముతూ సాగనంపారు. బర్నర్లు ఆర్పించారు. వేడి దిగనిచ్చారు. ఆఖరున ఫ్యాన్లు.

ఆ హోరు ఆగేసరికి మిల్లంతా ఉలిక్కిపడింది. రంగుల హాల్లోంచి, మడతల హాల్లోంచి తలలు బయటికొచ్చాయి. పొగ మేడం పరిగెత్తుకొచ్చింది. పట్టుమని పాతికేళ్లుండవు ఆవిడకి. పాపం పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు.

“ఎవరాపారు? మాస్టర్ గారూ, ఎవరాపారు? నడుస్తున్న మిషన్‌కే పరీక్ష చేస్తారు! మూడింటికి ఆయనొచ్చి చూస్తే…”

“నేనే ఆపాను మేడం. పైన నాజిల్స్ మూసుకుపోయాయి. పొగ కడక్కుండా పిల్లల గదిలోకి పోతోంది.”

“పుస్తకంలో పన్నెండు ఉందిగా!”

“ఆ పన్నెండు చేత్తో చూసి రాశాను. కంటితో చూడలేదు. ఏడాదిగా నాకు ఆ బంతి కనపడదు.”

 మేడం ఒక్క క్షణం ఆయన కళ్లలోకి చూసింది, అంతకుముందెప్పుడూ చూడనట్టు. తర్వాత బట్టల ట్రాలీ అంచు మీద కూలబడింది. “మాస్టర్ గారూ, నాతో ఒక్క మాట అనాల్సింది. ఒక్క మాట” అంది. తిట్టినట్టు లేదు. ఇంట్లోవాళ్ల మీద అలిగినట్టుంది.

ఫిట్టర్ పైకెళ్లి డబ్బా తలుపు విప్పాడు. పదహారు నాజిల్స్‌లో ఏడింటికే నోరుంది. మిగతా తొమ్మిదింటికీ దూదీ నూనే కలిసి గట్టిగా పేరుకుపోయి టోపీలు పెట్టినట్టున్నాయి. ఒకటి తెచ్చి మావయ్య చేతిలో పెట్టాడు. ఆయన గోటితో గీకి చూశారు. “నీళ్లు అటు పోలేక పైపులోనే కొట్టుకుంటున్నాయన్నమాట. ఆ వణుకే నాకు పన్నెండులా తగిలింది. నువ్వే కరెక్టు అమ్మాయ్” అని, అందరూ వినేట్టు, నా వైపు తిరిగి చెప్పారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఆఫీసరు మూడింటికని రెండున్నరకే వచ్చాడు. సన్నగా, కాస్త వంగి, మాటకీ మాటకీ మధ్య ముక్కు ఎగబీలుస్తూ ఉన్నాడు. ఆగిపోయిన మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. విప్పిన నాజిల్స్ వరసగా పరిచి ఉంటే ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. మేడం దాచకుండా చెప్పింది. మావయ్య మొదటినుంచీ మళ్లీ చెప్పారు, ఒక్క ముక్క తగ్గించకుండా, కళ్లడాక్టరు అట్ట సంగతితో సహా. అక్కడ ఆఫీసరు ఎగబీల్చడం మర్చిపోయాడు.

“ఇదంతా రాస్తే సంతకం పెడతారా?”

“పెడతాను సార్. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించండి.”

ఆఫీసరు కాగితం తనే రాసి, గట్టిగా చదివి వినిపించి, మావయ్య చెయ్యి పట్టుకుని కలం మొనని సరైన చోట ఆనించాడు. సంతకం అయ్యాక అన్నాడు, “మీరు ఇక ఈ మిషన్ నడపడానికి వీల్లేదు. ఇవాళ్టి నుంచే. అది మీకు తెలుసనుకుంటాను.”

“తెలుసు సార్.” మావయ్య చేతి తొడుగులు విప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి, స్టెంటర్ బల్ల మీద పెట్టారు. నేను అటు చూడలేకపోయాను. పెద్దాయా చంకలో బొంగరం అప్పుడే నిద్రలేచి “తాతా!” అని చేతులు చాపితే తీసుకుని భుజాన వేసుకున్నారు. ఆ ముఖం చూసి నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. పోయింది పోయింది. ఉన్నది మా చేతుల్లోనే ఉంది. కళ్లు చూపించొచ్చు. అత్తయ్య నాలుగు రోజులు సాధిస్తుంది, ఐదో రోజు తనే దగ్గరుండి తీసుకెళ్తుంది.

“నాకు ఒకటి తేలాలి” అన్నాడు ఆఫీసరు. “ఇవి ఏ రోజు నుంచి మూసుకుపోయాయి? నాలుగు రోజులైతే ఒక సంగతి, నాలుగు వారాలైతే వేరే సంగతి. పిల్లల్ని చూసే డాక్టరుకి కూడా ఆ తేదీ కావాలి. మీ అంకెలు చూస్తే తెలియదుగా.”

మావయ్య ముఖం ఒక్కసారిగా విప్పారింది. “రాత్రి పుస్తకం ఉందిగా సార్! నా పుస్తకం చించి పారెయ్యండి, రాత్రి పుస్తకం చూడండి. రాత్రి షిఫ్టు మావాడు. ఇదిగో, ఈ అమ్మాయి మొగుడు. వాడి కళ్లు నా కళ్లలాంటివి కావు సార్, చీకట్లో సూదిలో దారం ఎక్కిస్తాడు. నాలుగు మెట్ల కింద నుంచే ఆ బంతి చదువుతాడు. ఏ రోజు అంకె తగ్గిందో వాడు రాసే ఉంటాడు. మేడం, తెప్పించండి అది!”

మేడం కదల్లేదు. రెండు పుస్తకాలూ చూశానని నాతో అన్నది ఆవిడే. ఆ మాట ఆవిడకీ నాకూ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. మా ఇద్దరి చూపులూ కలుసుకున్నాయి, విడిపోయాయి.

“సార్, అది తర్వాత నేను…” అంది.

“ఇప్పుడే చూద్దాం” అన్నాడు ఆఫీసరు.

పుస్తకం వచ్చింది. ఆయన నిలబడే నాలుగు పేజీలు వెనక్కి తిప్పాడు. ఇంకో నాలుగు తిప్పాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత ఆ పుస్తకాన్ని మెల్లగా నా వైపు తిప్పాడు.

నా పెళ్లినాటి నుంచి నాకు తెలిసిన రాత. నిటారుగా, గీత మీద, ఒక్క అక్షరం జారకుండా. ఒంటిగంట, పన్నెండు. రెండు గంటలు, పన్నెండు. మూడు, పన్నెండు. మూడు వారాలు, రాత్రికి ఎనిమిది సార్లు, పన్నెండు, పన్నెండు, పన్నెండు. పేజీని వెలుతురుకి ఎత్తాను. ప్రతి పన్నెండు కిందా కాగితం కొంచెం గరుకుగా ఉంది. పెన్సిల్‌తో ముందు వేరే అంకె రాసి, రబ్బరుతో తుడిచేసిన మరక. మొదటి వారం తొమ్మిది. తర్వాత ఎనిమిది. నిన్న ఏడు.

మా ఆయన చూశాడు. ప్రతి రాత్రీ చూశాడు. చూసి, వాళ్ల నాన్న రాసిందే రాశాడు. పొద్దున్నే ఇంటికొచ్చి, దగ్గుతున్న కూతుర్ని ఎత్తుకుని, “ఇవాళ కొంచెం తగ్గినట్టుంది కదూ” అని నన్నడిగాడు.

“ఏంటమ్మా మాట్లాడవు?” అన్నారు మావయ్య. బొంగరాన్ని ఇంకో భుజానికి మార్చుకుని, చెవి నా వైపు తిప్పి నవ్వుతున్నారు. “అందరూ వినాలి, పెద్దగా చదువు. ఎంత రాశాడు మావాడు?”